రాగి గొట్టానికి ఫిట్టింగ్ కొనే ముందు
వోర్ట్ (బీరు కోసం కాచిన, ఇంకా పులియని ధాన్యపు రసం) చల్లార్చడానికి, లోపల చన్నీళ్లు పారే రాగి చుట్ట ఇంట్లోనే చేసుకుంటున్నారా? ముందు గొట్టం బయటి వ్యాసం కొలవండి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఏసీ, ఫ్రిజ్ పనులకు వాడే రాగి గొట్టానికి సైజు అంటే బయటి కొలతే. అమెరికా ప్రమాణంలో చేసే ప్లంబింగ్ గొట్టం మాత్రం పేరుకు 1/2 అంగుళం, బయట కొలిస్తే 5/8 ఉంటుంది. కంప్రెషన్ ఫిట్టింగ్ (నట్టు బిగిస్తే రింగు నొక్కుకుని గొట్టాన్ని పట్టే జాయింటు) పట్టేది బయటి అంచునే కదా! నేనైతే చిన్న ముక్క కోసి జేబులో వేసుకుని షాపుకు వెళ్తాను. నట్టు, రింగు అక్కడే తొడిగి చూస్తే అనుమానం తీరిపోతుంది. కోసిన చోట గరుకు తీసేయడం మరవకండి.

ఇంకోటి, జాయింట్లు గిన్నె బయటే ఉండాలి. గొట్టం చివరలను కిందికి వంచండి. అప్పుడు ఎక్కడైనా కారినా, పచ్చినీళ్లు గొట్టం వెంబడి జారి వోర్ట్‌లో పడవు.