ఒకే తరగతి, వేర్వేరు అవసరాలు: కాంప్లెక్స్ మీటింగులో టీచర్లకు శిక్షణ ఎలా ఇవ్వాలి?

మీ స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బడులన్నీ కలిసిన సమూహంలో, వచ్చే మీటింగుకి మీరే రిసోర్స్ పర్సన్ (శిక్షణ ఇచ్చేవారు) అనుకుందాం. ఒకే గదిలో వేర్వేరు స్థాయిల్లో, వేర్వేరు అవసరాలతో కూర్చున్న పిల్లలకు ఎలా చెప్పాలన్నది అంశం. దీని మీద మామూలుగా ఏం జరుగుతుందో అందరం చూస్తూనే ఉన్నాం. బోలెడు స్లైడ్లు, ఒక వీడియో, మధ్యలో టీ, చివర్లో సంతకాలు. మర్నాడు బడికి వెళ్లిన టీచరు ఏ ఒక్క పిల్లాడి విషయంలోనూ ఏ ఒక్క పనీ మార్చుకోరు. ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అందులో మన చేతికి వచ్చే మూడు గంటలు ఇలా పోతుంటే నిజంగా బాధేస్తుంది.

ఆ మూడు గంటల్లో నేను ఒకే ఒక్క పని నేర్పుతాను. పిల్లాడి పక్కన కూర్చుని, వాడు ఏం చదివాడో విని, విన్నది విన్నట్టు కాగితం మీద రాయడం. బోధన పద్ధతులు, గ్రూపులు, టీఎల్ఎం (బోధన సామగ్రి) అన్నీ దాని తర్వాతే.

ముందు ఏర్పాట్లు

ఇద్దరు టీచర్లకు ఒక పిల్లాడు చొప్పున ఉండాలి. మూడు నుంచి అయిదో తరగతి వరకు పిల్లలైతే బాగుంటుంది. మీటింగు జరిగే బడి పిల్లలే చాలు. హెచ్ఎంతోనూ తల్లిదండ్రులతోనూ ముందే మాట్లాడుకోండి. "వీక్ పిల్లల్ని పంపండి" అని మాత్రం అడగొద్దు. గడగడా చదివేవాళ్లు, అక్షరాల దగ్గరే ఆగిపోయినవాళ్లు, మధ్యలో ఉన్నవాళ్లు కలిసి రావాలి. వెనకబడ్డామనే పిలిచారని తెలిస్తే పిల్లలు నోరు విప్పరు. తెల్ల కాగితాలు, పెన్నులు, చాపలు తెప్పించండి. కుర్చీలు వద్దు, టీచరు కూడా పిల్లాడితో పాటు చాప మీదే కూర్చోవాలి.

చదివించడానికి ఒక చిన్న పేరా కావాలి. పాఠ్యపుస్తకంలోది వద్దు. పాఠాలు పిల్లలకు కంఠతా వచ్చేసి ఉంటాయి, వేలు ఒక మాట మీద, నోరు ఇంకో మాట మీద ఉన్నా ఆగకుండా అప్పజెప్పేస్తారు. మీరే ఒకటి రాసుకోండి. నేను వాడేది ఇది:

మల్లి గడ్డి మోపు తెచ్చింది. ఎద్దు మెల్లగా వచ్చింది. కత్తి పక్కన పెట్టి, మల్లి నీళ్ల బకెట్టు తెచ్చింది. ఎద్దు తల ఎత్తి నెమ్మదిగా తాగింది.

ఇంకో కాగితం మీద నాలుగు లెక్కలు రాయండి. వాటిలో 52 – 38 తప్పకుండా ఉండాలి.

మొదటి పావుగంట

ఒక్కొక్కరినీ తమ తరగతిలో ఇబ్బంది పడుతున్న ఒక పిల్లాడి గురించి, పేరు లేకుండా, మూడు వాక్యాలు రాయమనండి. "డల్‌గా ఉంటాడు", "శ్రద్ధ లేదు", "ఇంట్లో పట్టించుకోరు" అని రాస్తారు. చదవకుండా, చర్చ పెట్టకుండా ఆ కాగితాలు తీసుకుని పక్కన పెట్టండి. చర్చ మొదలైతే మాట తల్లిదండ్రుల మీదకి, నెట్ సిగ్నల్ లేని యాప్‌ల మీదకి, ఖాళీ పోస్టుల మీదకి వెళ్తుంది. అవన్నీ నిజమైన సమస్యలే, కానీ అక్కడికి వెళ్లిన సెషన్ మళ్లీ పిల్లాడి దగ్గరికి తిరిగి రాదు.

ఇక్కడే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "విజువల్ లర్నర్, ఆడిటరీ లర్నర్ గురించి చెప్పరా సార్?" చెప్పొద్దు. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని పిల్లల్ని విడదీయడం మన శిక్షణల్లో పాతుకుపోయింది. మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు ఈ విషయంపై అప్పటి వరకు వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి 2008లో ఒక సమీక్ష రాశారు. పిల్లాడి రకాన్ని బట్టి బోధన మారిస్తే ఎక్కువ నేర్చుకుంటాడనడానికి తగిన ఆధారం లేదని అందులో తేల్చారు. బొమ్మలు, పుల్లలు, గింజలు అందరికీ ఉపయోగపడతాయి, అందరికీ ఇవ్వండి. ఒక పిల్లాణ్ణి "వీడు వినే రకం" అని పక్కన పెడితే వాడికి చదవడం నేర్పే బాధ్యతను మనమే వదిలేసినట్టు.

అసలు కష్టం: వినడం, రాయడం

చాలామంది పాడుచేసేది ఈ మెట్టునే. అందుకే దీనికి గంటన్నర కేటాయించండి, ఒక్క నిమిషం కూడా తగ్గించొద్దు.

ఇద్దరు టీచర్లలో ఒకరు పిల్లాడితో మాట్లాడతారు, రెండోవారు రాస్తారు. కాగితం ఇచ్చే ముందు రెండు నిమిషాలు కబుర్లు చెప్పాలి. "ఇంట్లో ఎవరెవరున్నారు నాన్నా? పొద్దున ఏం తిన్నావు?" ఆ తర్వాతే "ఇది కొంచెం చదివి వినిపిస్తావా? రాని మాట వదిలెయ్, ఏం పర్వాలేదు" అనాలి. ఇంతవరకు అందరూ బాగానే చేస్తారు.

పిల్లాడు మొదటి మాట దగ్గర ఆగుతాడు. టీచరు ఆగలేరు. "మ... మల్... ఊఁ, మల్?" అని అందిస్తారు. వాడు "మల్లి" అంటాడు. రాసే టీచరు "చదివాడు" అని రాసేస్తారు. చదివింది పిల్లాడు కాదు, టీచరు. ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నోరు ఊరుకోదు, అది సహజమే. కానీ ఈ గంటన్నర ఊరుకోవాలి. పిల్లాడు ఆగితే మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే "తర్వాత మాట చూద్దాం" అనండి. అంతే. అందించొద్దు, సరిదిద్దొద్దు. తప్పు వచ్చినప్పుడు కనుబొమలు ముడవొద్దు, సరిగ్గా వచ్చినప్పుడు "గుడ్" అనొద్దు. నాలుగు మాటలకు "గుడ్" అని అయిదో మాటకు అనకపోతే ఆ అయిదోది తప్పని పిల్లాడికి తెలిసిపోతుంది, ఇక అక్కడి నుంచి మీ ముఖం చూసి చదువుతాడు. పిల్లాడు బెదిరినా, కళ్లలో నీళ్లు తిరిగినా అక్కడితో ఆపేసి బయటికి ఆడుకోవడానికి పంపండి. మీ శిక్షణ కోసం ఏ పిల్లాడూ ఏడవకూడదు.

రాసేవారికి రెండు నిలువు గడులు చాలు. ఎడమవైపు కాగితంలో ఉన్న మాట, కుడివైపు పిల్లాడు పలికిన మాట. టిక్కులు, ఇంటు మార్కులు, మార్కులు ఏవీ వద్దు. "మల్లి" అని ఉంటే "మలి" అన్నాడా, "మామ" అన్నాడా, ఊరుకున్నాడా? ఏది జరిగితే అదే రాయాలి. వీక్, డల్, స్లో అనే మాటలు ఆ కాగితం మీద కనిపించకూడదు. "ఒత్తులు రావు" అన్నది కూడా ఈ నిషేధంలోకే వస్తుందని ముందే చెప్పండి. టీచర్లు ఒప్పుకోరు. "ఒత్తులు రాకపోతే రావనే కదా రాయాలి?" అంటారు. అప్పుడు ఇలాంటి కాగితం ఒకటి బోర్డు మీద రాసి చూపించండి.

నాలుగో తరగతి పాప. గడ్డి, ఎద్దు, తెచ్చింది, పెట్టి అన్నీ సరిగ్గా చదివింది. మల్లిని "మలి" అంది, కత్తిని "కతి" అంది, నెమ్మదిగా అన్నదాన్ని "నెమదిగా" అంది. ఈ పాపకు ఒత్తులు రావని ఎలా అంటాం? డ, ద, చ, ట ఒత్తులు చూడ్డానికి అసలు అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపం పూర్తిగా వేరు. ఒత్తు అంటే ఏమిటో పాపకు తెలుసు, కొన్ని ఆకారాలే ఇంకా పరిచయం కాలేదు. "ఒత్తులు రావు" అని రాసిన టీచరు ఆ పాపను క గుణింతం దగ్గర మళ్లీ కూర్చోబెడతారు. మాటలు చూసిన టీచరు ఆ కొద్ది ఆకారాలు ఉన్న పదాలనే రోజుకు కాసిన్ని చదివిస్తారు.

పక్కనే ఇంకో పిల్లాడు. తప్పులు దాదాపు అన్నే. కానీ మల్లి "మామ" అయింది, మోపు "మేక" అయింది, ఎత్తి "ఎద్దు" అయింది. వీడు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడు. ఒత్తుల అభ్యాసం వీడికేమీ చేయదు. మాట చివరి వరకు వేలు పెట్టి, ఒక్కో అక్షరం కలుపుకుంటూ చదివే అలవాటు చేయాలి.

మూడో పిల్లాడు పేరా అంతా తప్పు లేకుండా చదివాడు. "కత్తి ఎక్కడ పెట్టింది?" అంటే తెల్లముఖం వేశాడు. అదే ప్రశ్న పక్కనున్న స్నేహితుడు లంబాడీలో అడిగితే చెప్పేశాడు. ఇంట్లో లంబాడీ, గోండి, కోయ, కువి మాట్లాడే పిల్లలున్న బడుల్లో ఇది రోజూ కనిపిస్తుంది. వాడికి కావాల్సింది ముందు తెలుగులో మాట్లాడే అవకాశం, పాఠానికి ముందు ఆ మాటలు తన భాషలో వినే వీలు.

పిల్లల్ని స్థాయిలుగా గుర్తించడాన్ని నేను వద్దనడం లేదు. 2005 నుంచి ఏసర్ అనే సర్వే అక్షరం, పదం, పేరా, కథ అనే మెట్లతోనే దేశమంతా పల్లెల్లో పిల్లల చదువును చూస్తోంది, చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం తర్వాత స్థాయి చూడడం మన బడుల్లోనూ అలవాటైంది. పిల్లాడు ఏ మెట్టు మీద ఆగాడో వాటితో తెలుస్తుంది. ఎందుకు ఆగాడో తెలియదు. పైన చెప్పిన మొదటి ఇద్దరినీ ఒకే గ్రూపులో వేసి ఒకే వర్క్‌షీట్ ఇస్తే ఒకరికి ఉపయోగం, ఒకరికి టైమ్ వేస్ట్.

లెక్కల్లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 52 – 38కి ఒకరు 26 అని, ఒకరు 24 అని, ఒకరు 90 అని రాస్తారు. మూడూ తప్పే, మూడింటికీ సున్నా మార్కులే. 26 రాసిన పిల్లాడు ఎనిమిదిలోంచి రెండు తీశాడు, ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలనుకుంటున్నాడు. 24 రాసినవాడు పది అప్పు తెచ్చుకున్నాడు గానీ 5ని 4 చేయడం మరిచిపోయాడు. 90 రాసినవాడు కూడాడు. మొదటివాడికి పుల్లల కట్టలు విప్పి చూపించాలి, రెండోవాడికి ఒక్క గుర్తు పెట్టుకోవడం నేర్పితే చాలు, మూడోవాడు గుర్తును చూశాడా లేదా అన్నది కనుక్కోవాలి. "ఎలా చేశావో చెప్పమ్మా" అని అడిగితేనే ఇవన్నీ బయటపడతాయి. సరైన జవాబుకీ అలాగే అడగండి. తప్పు చేసినప్పుడే అడిగితే ఆ ప్రశ్న విన్నవెంటనే పిల్లలు రబ్బరు తీస్తారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంటున్నాడా, చెప్పింది వినడానికి తల ఒక పక్కకు తిప్పుతున్నాడా అన్నది ముందుగా గమనించమనండి. కంటి, చెవి సమస్యను చదువు సమస్యగా చూడడం ఘోరమైన అన్యాయం. అనుమానం వస్తే పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం బడికి వచ్చే ఆర్బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందానికి ఆ పేరు ఇవ్వాలి. రెండోది, ఎవరూ "డిస్‌లెక్సియా" అని రాయకూడదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్‌లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా ఉంది, కానీ అది నిర్ధారించాల్సింది నిపుణులు. ఒక పేరా విని తల్లితో ఆ మాట అనేస్తే ఆ కుటుంబం ఎంత నలిగిపోతుందో ఆలోచించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో ఐఈఆర్పీ (ఆ పిల్లలకు సాయపడే రిసోర్స్ పర్సన్) ఉంటారు, వారితో మాట్లాడమని చెప్పండి. అలాగని సర్టిఫికెట్ వచ్చేదాకా సాయం ఆపనక్కర్లేదు.

ఒక్క మార్పు

పిల్లల్ని పంపించాక, ప్రతి జంటా తాము విన్న పిల్లాడి కోసం మర్నాడే చేయగల ఒక్క పని రాయాలి. "ప్రత్యేక శ్రద్ధ తీసుకుంటాను" అంటే తీసుకోకండి, వెనక్కి ఇచ్చేయండి. ఎప్పుడు, ఎంతసేపు, ఏ మాటలతో అన్నది అందులో ఉండాలి. "ప్రార్థన తర్వాత అయిదు నిమిషాలు, త, మ, ల ఒత్తులున్న ఆరు పదాలు" అంటే సరే.

"అయిదు తరగతులకూ నేనొక్కదాన్నే, ఇంతమందిని ఎలా వినాలి?" అని ఏకోపాధ్యాయ బడి టీచరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, దాటేయొద్దు. మిగతావాళ్లు రాసుకుంటున్నప్పుడు రోజుకు ఒక్కరిని వింటే చాలు. కాగితాలు పోగయ్యే కొద్దీ ఒకే రకం అవసరం ఉన్న ముగ్గురు నలుగురు తేలతారు. వాళ్లను తరగతితో సంబంధం లేకుండా ఒకచోట కూర్చోబెట్టొచ్చు. ఆ గ్రూపు నెల తర్వాత మారాలి, ఏడాదంతా అదే చాప మీద ఉంచకూడదు.

ముగించే ముందు మొదట్లో తీసుకున్న కాగితాలు తిరిగి ఇవ్వండి. తాము రాసిన మూడు వాక్యాల్లో ఏది కళ్లారా చూసింది, ఏది అనుకున్నది అని గీత గీయమనండి. చాలామందికి అన్నీ రెండో రకంలోకే వస్తాయి. ఏమీ వ్యాఖ్యానించకండి, రేపు బడిలో ఆ పిల్లాణ్ణి విని కొత్త కాగితం రాసుకోమనండి.

తర్వాతి మీటింగుకి ఆ కాగితం, నెల చివర రాసిన ఇంకో కాగితం రెండూ తెప్పించండి. రెండోసారి కొత్త పేరా ఇవ్వాలి, కానీ మొదట తడబడ్డ అక్షరాలు అందులో ఉండాలి. మార్పు కనిపిస్తే తర్వాతి అవసరం ఎంచుకోవాలి. కనిపించకపోతే మొదట ఎంచుకున్న పని సరైనదేనా, రోజూ జరిగిందా అన్నది ఆ జంటతో కూర్చుని చూడండి. రెండు నెలలు సక్రమంగా చేసినా కదలిక లేని పిల్లల కాగితాలను మాత్రం విడిగా తీసి, కాపీలు ఐఈఆర్పీకి ఇవ్వండి. ఏ మాటకు ఏమన్నాడో అందులో ఉంటుంది కాబట్టి ఆయన మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.