బీరువాలోని కెమెరా బయటికి రావాలంటే

ముచ్చటపడి కొనుక్కున్న నికాన్ ఎఫ్‌ఎం2 ఫిల్మ్ కెమెరా, ఎక్కడ గీత పడుతుందోనన్న టెన్షన్‌తో బీరువాలోనే ఉండిపోతుంది. నాకు పనిచేసిన పద్ధతి చెప్తాను. 50 ఎంఎం లెన్స్‌కు 52 ఎంఎం యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే పారదర్శక అద్దం) బిగించి, 36 ఫొటోల 400 ఐఎస్ఓ (వెలుతురును పట్టే శక్తి) రీలు ఎక్కించండి. కెమెరాను తోలు కేసులోంచి తీసేయండి. ఆ కేసు చెమ్మ పట్టి ఉంచుతుంది, లెన్స్‌కు బూజు వచ్చేది అలాగే. గుమ్మం పక్కన, పిల్లలకు అందని ఎత్తులో, కొక్కేనికి తగిలించండి. నెలలోపు రీలు పూర్తిచేసి కడిగించాలి, అదొక్కటే నియమం. మొదటి రీలు ఇంటి చుట్టుపక్కలే చాలు: కూరగాయల బండి, డాబా మీద ఆరేసిన వడియాలు. వెలుతురు కొలిచే మీటర్ బ్యాటరీ అయిపోయినా షట్టర్ పడుతుంది. మంచి ఎండలో లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎఫ్/16, షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు పెట్టుకోండి. సముద్రపు ఒడ్డుకు మాత్రం వద్దు. ఫిల్టర్ లెన్స్ అద్దాన్ని కాపాడుతుంది గానీ, ఫోకస్ రింగులో దూరే ఇసుకను ఆపలేదు.