జార్జియన్ బంగళాలో సాష్ కిటికీ: తాడు తెగితే ఎలా మార్చాలి

ఇంగ్లండ్‌లో జార్జియన్ కాలపు, అంటే ఎక్కువగా 18వ శతాబ్దపు, పల్లె బంగళాల్లో కిటికీలు ఎక్కువగా పైకీ కిందికీ జరుగుతాయి. వీటిని సాష్ కిటికీలంటారు. ఒకదాని వెనుక ఒకటిగా రెండు అద్దాల రెక్కలుంటాయి. చట్రానికి అటూ ఇటూ బోలు పెట్టెలు, వాటిలో పోత ఇనుప గుండ్లు వేలాడుతుంటాయి. రెక్క నుంచి గుండు దాకా గిలక మీదుగా తాడు వెళ్తుంది. బావి గిలక వాడినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. బొక్కెన ఉండేచోట రెక్క, లాగే చేతికి బదులు గుండు, అంతే.

ఎత్తిన రెక్క దబ్బున పడిపోతున్నా, అసలు కదలకపోయినా కిటికీ పాడైపోయిందనుకోకండి. చాలావరకు తాడు తెగి ఉంటుంది, లేదా రంగు పొరలు పేరుకుని బిగుసుకుని ఉంటుంది. పైగా లిస్టెడ్ భవనంలో, అంటే చట్టరక్షణ ఉన్న చారిత్రక కట్టడాల జాబితాకెక్కిన ఇంట్లో, కిటికీని ఇష్టానికి మార్చేయడం కుదరదు. ఆ జాబితాలో ఇంటి గ్రేడ్ (ప్రాముఖ్యపు స్థాయి) ఏదైనా రక్షణ ఇంటి లోపలికీ వర్తిస్తుంది. 1990 నాటి చట్టం ప్రకారం, కావలసిన అనుమతి లేకుండా రూపు మార్చడం క్రిమినల్ నేరం. ఉన్నదాన్ని ఉన్నట్టే బాగుచేయడానికి సాధారణంగా అనుమతి అక్కర్లేదు. అయినా స్థానిక కౌన్సిల్‌లో పాత కట్టడాల సంరక్షణ చూసే కన్జర్వేషన్ ఆఫీసర్‌కు ముందే ఈమెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి.

పనికి ముందు అద్దం చూడండి. పక్కకు నిలబడి, అందులో కనిపించే చెట్టు నీడను గమనించండి. వంపు తిరిగిన సన్నటి అలల్లా కదిలితే అది క్రౌన్ గ్లాస్ కావచ్చు. గాజును ఊది, గిరగిరా తిప్పి పళ్లెంలా విచ్చుకున్నాక కోసిన పలకలవి. తాడు పోతే మళ్లీ కొనొచ్చు, ఈ అద్దం పగిలితే అలాంటిది దొరకడం కష్టం.

మొదట లోపలివైపు అంచు బద్దల చుట్టూ రంగును పదునైన కత్తితో గీయండి. గీయకుండా పీకితే రంగుతోపాటు చెక్క పెచ్చులు లేస్తాయి. సన్నటి రేకును బద్ద నడిమిలో దూర్చి కొద్దికొద్దిగా లేపితే అది విల్లులా వంగి మూలల దగ్గర ఊడుతుంది. వెనుక పెన్సిల్‌తో నంబరు వేయండి. కింది రెక్కను గదిలోకి లాగి, తాడు కోసేముందు ఒకరు తాడును గట్టిగా పట్టుకోవాలి. వదిలేస్తే గుండు ధడాలున పెట్టె అడుగున పడుతుంది. తర్వాత రెండు రెక్కల మధ్యనున్న సన్న బద్ద తీయాలి. ఇది గాడిలో ఊరికే దూర్చి ఉంటుంది, తీసేటప్పుడు తరచూ విరుగుతుంది. విరిగితే పాతదాని కొలతకే కొత్తది చేయించుకోవచ్చు, బెంగ వద్దు. ఆపైన పై రెక్క వస్తుంది. తీసిన రెక్కల్ని గోడకు నిలువుగా ఆనించండి.

చట్రం పక్క చెక్కలో, కింది భాగంలో, ఒక చిన్న మూత ఉంటుంది. రంగు కింద దాగి ఉంటే వేలితో తట్టి చూడండి, సన్నటి గీత పట్టిస్తుంది. గుండ్లు అందులోంచే బయటికొస్తాయి. ఒక్కో పెట్టెలో రెండు గుండ్లు, మధ్య అవి కొట్టుకోకుండా వేలాడే పల్చటి చెక్క. బయటివైపు గుండు పై రెక్కది, గదివైపుది కింది రెక్కది. తారుమారు చేయకండి.

అసలు కిటుకు బరువులో ఉంది. పై రెక్క గుండ్లు రెండూ కలిపి రెక్క కంటే సుమారు 1 కిలో ఎక్కువ ఉండాలి, అప్పుడే రెక్క పైన నిలబడుతుంది. కింది రెక్క గుండ్లు సుమారు 1 కిలో తక్కువ ఉండాలి, అప్పుడే మూసినది మూసినట్టుంటుంది. ఒక్కో రెక్క 14 కిలోలైతే పైదానికి ఏడున్నర కిలోల గుండ్లు రెండు, కిందిదానికి ఆరున్నర కిలోలవి రెండు. అద్దాలతో సహా తూచండి. ఎప్పుడో మందపాటి అద్దం వేసి ఉంటే పాత గుండ్లు చాలవు, అప్పుడు సీసపు ముక్క కలపాలి.

తాడు మైనం పట్టించిన నూలుదే కావాలి, సాధారణంగా 6 మిల్లీమీటర్లది. నైలాన్ సాగుతుంది. నూలుతాడును కూడా ఒక రాత్రి గుండు కట్టి వేలాడదీసి సాగనివ్వండి. సన్నటి దారానికి చిన్న సీసపు ముక్క కట్టి గిలక మీదుగా లోపలికి జారవిడిస్తే మూత దగ్గర చేతికందుతుంది. దాని వెనకే తాడు లాక్కోండి.

పొడవు తప్పితే పనంతా మళ్లీ మొదటికొస్తుంది. పై రెక్క పూర్తిగా ఎత్తి ఉన్నప్పుడు దాని గుండు పెట్టె అడుగుకు 50 మిల్లీమీటర్ల పైన ఉండాలి. గుండు అడుగుకు తగిలిందంటే రెక్క వేలాడిపోతుంది. కింది రెక్క మూసి ఉన్నప్పుడు గుండు గిలకకు 50 మిల్లీమీటర్ల కింద ఆగాలి. తాడు పొట్టిదైతే గుండు గిలకకు తగిలి రెక్క గడప దాకా దిగదు.

తాడును రెక్క పక్క గాడిలో 25 మిల్లీమీటర్ల మేకులు నాలుగు వేసి బిగించండి. రెక్క పూర్తిగా ఎత్తినా పై మేకు గిలకకు కిందనే ఉండాలి. పొడుగు మేకు కొట్టారా, దాని మొన లోపల అద్దం అంచుకు తగిలి టక్కున పగులుతుంది.

పాత రంగులో సీసం ఉందనే అనుకోండి. పొడిగా ఉప్పు కాగితం రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి రుద్దాలి, సన్నటి ధూళిని ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు వేసుకోవాలి. మంట వాడకం అసలే వద్దు. వెస్ట్ ససెక్స్‌లోని అప్‌పార్క్ బంగళా 1989లో పైకప్పు మీది సీసపు రేకుల పనిలో వాడిన బ్లోటార్చ్ వల్లే తగలబడింది. తిరిగి తెరవడానికి 1995 దాకా పట్టింది.

అద్దం లప్పం రాలితే సుద్దపొడి, అవిసె నూనె కలిపిన పాతకాలపు లప్పమే పెట్టండి. పెట్టే ముందు చెక్కకు అవిసె నూనె రాయాలి, లేకపోతే ఎండిన చెక్క లప్పంలోని నూనె పీల్చేసి బీటలు తెప్పిస్తుంది. పొర కట్టడానికి వారం రెండు వారాలు ఆగి రంగు వేయండి. రంగు అద్దం మీదకు 2 మిల్లీమీటర్లు ఎక్కితే వాననీరు లోపలికి దిగదు.

బిగించేటప్పుడు ముందు పై రెక్క, తర్వాత మధ్య బద్ద, ఆపైన కింది రెక్క, చివర అంచు బద్ద. రెక్క జారే చెక్కకు కొవ్వొత్తి రుద్దండి, గిలక ఇరుసుకు ఒక చుక్క నూనె చాలు. తాడుకు మాత్రం రంగు అంటనివ్వకండి. రంగు ఎండి తాడు కర్రలా బిరుసెక్కి, గిలక మీద వంగేచోటే మళ్లీ తెగుతుంది.