ఇంట్లో మాటను మైకు ముందు కవితగా చెప్పడం ఎలా?

ఒక నోటుబుక్కు, రికార్డింగ్ ఉన్న ఫోను ఉంటే చాలు. మూడు నిమిషాలకు 200 మాటలు, అంతకు మించొద్దు. వెనక సంగీతం అసలే వద్దు, మాట వినబడకుండా పోతుంది.

కవితా వస్తువు కోసం వెతుక్కోనక్కర్లేదు. అనంతపురం పల్లెల్లో తొలకరికి ముందు ఇత్తనం బుడ్డలు (విత్తనానికి దాచిన వేరుశనగ కాయలు) ఒలిచే అరుగు ఉంది కదా. ఉప్పునూ చెప్పులో రాయినీ ఆటవెలది పద్యాల్లో కూర్చోబెట్టిన వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలోనే ఉంది. అయినా మన పిల్లలు మైకు దొరకగానే వెన్నెలనీ సముద్రాన్నీ పట్టుకుంటారు. కరువు నేల మీద నిలబడి సముద్రమెందుకు?

ఒక మనిషి, ఒక పని, ఒక పూట తీసుకోండి. పని జరిగే వరుసలోనే రాయండి: నీళ్లు చల్లడం, బొటనవేలితో నొక్కడం, పొల్లు ఏరేయడం. యాసను దిద్దొద్దు. మీ ఇంట్లో లేని యాసను తెచ్చి అతికించొద్దు. జేజి (నానమ్మ) మీద ఈ మూడు పాదాలు చూడండి:

జేజి ఇత్తనం బుడ్డలు ఒలుస్తాండాది.
బొటనేలు బొబ్బలెక్కింది.
ఒక్క గింజన్నా నోట్లో ఏసుకోల్యా.

ఇక్కడికి రాగానే నూటికి తొంభైమంది పాడుచేస్తారు. మూడో పాదం కింద "ఆ త్యాగం చూసి నా గుండె చెరువైంది" అని రాసేస్తారు. కొట్టేయండి. గింజ తినలేదన్న మాటతోనే విన్నవాళ్లకు అప్పు, ఇత్తనం ధర, రాని వాన అన్నీ గుర్తొస్తాయి. ఆ బాధకు మీరు పేరు పెట్టేస్తే వాళ్లు తలుచుకోవడానికి ఏమీ మిగలదు.

గొంతుతో చేసే తప్పు ఇంకా పెద్దది. బాధ పలకాలని పాదం చివర గొంతు తగ్గించేస్తారు. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది, కాదు లేదు అనేది కూడా అక్కడే తేలుతుంది. "ఏసుకోల్యా"లో "ల్యా" మింగేస్తే జేజి తిన్నదో లేదో వెనక వరుసకు తెలియదు, పాదమంతా వృథా. కాబట్టి "నోట్లో" దగ్గర నెమ్మదించండి, "ల్యా" మాత్రం తేటగా పలకండి. అరవొద్దు, ఏడవొద్దు. ఏడుపొస్తే అక్షరాలు అలుక్కుపోతాయి.

ఆ తర్వాత రెండు ఊపిరులు ఆగండి. చదివేవాడు పేజీ వెనక్కి తిప్పుకోగలడు, వినేవాడికి ఆ వీలు లేదు. అరుగూ జేజీ కళ్లముందుకు రావడానికి ఆ వ్యవధి కావాలి. దాన్ని "అంటే..." అని నింపొద్దు, చప్పట్ల కోసం చూడొద్దు. తర్వాతి పాదం పొట్టిగా ఉండాలి, మళ్లీ పనిలోకే పోవాలి: "చాట మళ్లా నింపుకునింది."

మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉంచండి. నడుస్తూ పదిసార్లు చెప్పి, రికార్డు చేసి, పాదాల చివర్లు మాత్రమే వినండి.

చివరగా బుడ్డలు ఒలిచే ఆమెకే వినిపించండి. పని వరుస తప్పితే ఆమె మధ్యలోనే ఆపి చెబుతుంది. అది సరిచేశాకే మైకు ముందుకు పోండి.