పండగ రోజు షాపింగ్ మాల్ తీసుంటుందా? కర్నూలుకు బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

పండగ రోజు తీస్తారా, ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి మూస్తారు? సీజన్‌లో మా షాపుకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఇవే ప్రశ్నలు. నేను కర్నూలులో ఒక బట్టల షాపింగ్ మాల్‌లో చీరల సెక్షన్ చూసుకుంటాను. ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు, వెల్దుర్తి నుంచి, తుంగభద్ర అవతల అలంపూర్, గద్వాల నుంచి కూడా జనం మా దగ్గరికి వస్తారు. పిల్లల్ని వెంటబెట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చినవాళ్లు మూసిన షట్టర్ ముందు నిలబడితే చూసేవాళ్లకు కూడా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే లోపల పని చేసే మనిషిగా నాకు తెలిసినంతా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. వీలైతే పండగ రోజు కొనుక్కోవడం పెట్టుకోవద్దు. నాలుగైదు రోజుల ముందు, పొద్దున పదకొండు లోపల వస్తే స్టాక్ నిండుగా ఉంటుంది, సేల్స్ పిల్లలు ఓపిగ్గా చూపిస్తారు, ఫాల్ కుట్టించి పీకో చేయించుకునే టైమ్ కూడా మిగులుతుంది. బోణీ బేరం అని మేం కూడా పొద్దున వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపడానికి ఇష్టపడం. తప్పక పండగ రోజే రావాల్సి వస్తే మాత్రం కింద రాసినవి చూసుకుని బయల్దేరండి.

చాలామంది గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు కొట్టి, 'ఓపెన్' అని కనిపించగానే బండి తీస్తారు. అక్కడ చూపించేది మామూలు రోజుల వేళ. పండగ దగ్గరపడితే దాని పక్కనో కిందనో, పండగ వల్ల ఈ వేళలు మారవచ్చు అనే అర్థంలో చిన్న అక్షరాల లైను ఒకటి వస్తుంది. అది కనిపిస్తే ఆ రోజు వేళ ఇంకా ఖాయం కాలేదని అనుకోండి. పండగలకు వేరే వేళలు పెట్టుకునే ఏర్పాటు షాపువాళ్లకు అందులో ఉంది. పది ఊళ్లలో బ్రాంచీలున్న కంపెనీలు జాగ్రత్తగా పెడతాయి కానీ, సొంతంగా ఒకే షాపు నడిపే మన ఊరివాళ్లలో చాలామంది దాని జోలికే పోరు. పైగా వినాయక నిమజ్జనం లాంటి మన ఊరి రోజులు ఆ మ్యాప్‌కు ఏం తెలుస్తాయి?

కాబట్టి ఫోన్ చేయడమే మేలు. పాత బిల్లు మీదా, క్యారీ బ్యాగ్ మీదా షాపు నంబరు ఉంటుంది. కంపెనీ కస్టమర్ కేర్‌కు కాకుండా ఈ నంబరుకే చేయండి, ఎందుకంటే కర్నూలు బ్రాంచి ఆ రోజు ఏం చేస్తుందో హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు తెలియకపోవచ్చు. పండగకు ముందు రోజు సాయంత్రం ఆరు దాటాక చేస్తే ఇంకా మంచిది. మేనేజర్ ఓనర్‌తో మాట్లాడి స్టాఫ్ డ్యూటీలు వేసేది ఆ వేళకే. వారం ముందు అడిగితే మేం కూడా "తీస్తాంలే అక్కా" అని అలవాటుగా అనేస్తాం.

ఎలా అడగాలో కూడా చెప్తాను. "అన్నా, రేపు తీస్తారా?" అంటే "ఆఁ తీస్తాం" అనే జవాబొస్తుంది, అక్కడితో అయిపోతుంది. దానికి బదులు ఇలా అడగండి: "అన్నా, రేపు ఎన్ని గంటలకు తీస్తారు? అన్ని ఫ్లోర్లూ ఉంటాయా? ఆఖరి బిల్లు ఎన్నింటి వరకు వేస్తారు? ఆల్టరేషన్ మనిషి వస్తాడా?" ఇవి అడిగితే ఫోన్ ఎత్తినవాడు ఒక్క క్షణం ఆగి, పక్కవాళ్లను కనుక్కుని సరైన మాట చెప్తాడు. పండగ పూట సగం స్టాఫ్‌తోనే నడిపే షాపులు చాలా ఉంటాయి. కింది రెండు ఫ్లోర్లు తీసి, పైన మగవాళ్ల బట్టలు, పిల్లల బట్టలు ఉండే ఫ్లోర్లకు లైట్లు కూడా వేయరు. మీరు వచ్చింది పిల్లాడి డ్రెస్ కోసమైతే షాపు తీసి ఉన్నా మీకు లాభం లేదు.

ఆఖరి బిల్లు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఇక్కడే ఇబ్బంది పడతారు. మూసే వేళ తొమ్మిదిన్నర అని బోర్డు మీద ఉందనుకోండి. తొమ్మిదింటికే సెక్యూరిటీ అన్న షట్టర్ సగానికి దించుతాడు. లోపలున్నవాళ్లు బయటికి రావచ్చు, బయటివాళ్లను లోపలికి పంపడు. ఆ అరగంటలో లోపల జరిగే పని ఇంతింత కాదు. పొద్దుటి నుంచి విప్పి చూపించిన చీరలు కౌంటర్ మీద గుట్టగా పడుంటాయి. ఒక్కోటీ అంచుకు అంచు కలిపి, కొంగు పైకి కనిపించేలా మడతపెట్టి, ధర చీటీ సరిచూసి, ఏ అరలోది ఆ అరలో పెట్టాలి. పట్టు చీరైతే జరీ నలగకుండా రెండు చేతులతో పట్టుకుని నిదానంగా మడవాలి. ఇంకోపక్క క్యాష్ కౌంటర్‌లో రోజు మొత్తం లెక్క తేల్చి బిల్లింగ్ సిస్టమ్ క్లోజ్ చేస్తారు. అది ఒకసారి క్లోజ్ అయ్యాక మీ చేతిలో చీర ఉన్నా బిల్లు వేయడం మా వల్ల కాదు. అందుకని మూసే వేళకు కనీసం గంటన్నర ముందు లోపల ఉండేలా చూసుకోండి. పెళ్లి బట్టలైతే గంటన్నర ఏ మూలకూ చాలదు. వాటికి పూట పెట్టుకుని రావాలి.

ఇక పండగల వారీగా కర్నూలులో ఎలా ఉంటుందో చెప్తాను.

సంక్రాంతికి అసలు రద్దీ భోగికి ముందు నాలుగైదు రోజులే. భోగి నాటి సాయంత్రానికి పల్లెల జనం ఇళ్లకు చేరిపోతారు. సంక్రాంతి రోజు తీసినా ఆలస్యంగా తీస్తారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ రోజు చిన్న షాపులు చాలావరకు మూసే ఉంటాయి, పెద్దవి మధ్యాహ్నం నుంచి తీస్తే తీస్తాయి. కనుమ రోజు వచ్చేవాళ్లు ఫోన్ చేయకుండా మాత్రం రావద్దు.

ఉగాది, రంజాన్ ఈ మధ్య దగ్గర దగ్గరగా పడుతున్నాయి. 2025లో మార్చి 30 ఆదివారం ఉగాది, మర్నాడు 31న రంజాన్. పొద్దున ఉగాది పచ్చడి తిని వచ్చినవాళ్లూ, సాయంత్రం నెలవంక కనిపించగానే గాజులకూ మెహందీకీ బయల్దేరినవాళ్లూ ఒకే రోజు రోడ్డు మీద ఉన్నారు. రంజాన్ ఏ రోజన్నది నెలవంక మీద ఆధారపడుతుంది. క్యాలెండర్‌లో ఎర్ర అంకె చూసి లెక్కేసుకోకుండా ఒక రోజు అటూ ఇటూ చూసుకోండి. రంజాన్ నెలలో ఆఖరి పది రోజులు పాతబస్తీ వైపు రాత్రి బాగా పొద్దుపోయేదాకా షాపులుంటాయి. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. పొద్దుగూకే వేళ మాతో పని చేసే ముస్లిం అమ్మాయిలు, అబ్బాయిలు రోజా విడుస్తారు. ఒక ఖర్జూరం, కాసిన్ని నీళ్లు, నాలుగు పండ్ల ముక్కలు తీసుకుని నమాజు చేసుకుని వస్తారు. ఆ ఇరవై నిమిషాలు కౌంటర్లలో మనుషులు తక్కువగా ఉంటారు. ఆ టైమ్ తప్పించి, రాత్రి ఎనిమిది దాటాక వస్తే నిదానంగా చూసుకోవచ్చు. రంజాన్ నెలే అని కాదు, మామూలు శుక్రవారాల్లో కూడా జుమ్మా నమాజు వేళకు, ఒంటి గంట నుంచి రెండున్నర మధ్య, పాతబస్తీలో కొన్ని షాపులు మూసి మళ్లీ తీస్తాయి.

వినాయక చవితి కర్నూలులో పెద్ద పండగ. చవితి రోజు పొద్దున ఇళ్లలో పూజలుంటాయి కాబట్టి షాపులు ఆలస్యంగా తీస్తారు, అంతే. అసలు చూసుకోవాల్సింది నిమజ్జనం రోజు. మన దగ్గర తొమ్మిదో రోజు చేస్తారు. విగ్రహాలన్నీ ఊరేగింపుగా కేసీ కెనాల్ మీద వినాయక ఘాట్‌కు వెళ్తాయి. కొండారెడ్డి బురుజు, పాత బస్టాండ్, రాజ్‌విహార్ వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు. షాపు తీసి ఉన్నా మీ కారు దాని దగ్గరికి రాదు, బండి పెట్టడానికి సందు దొరకదు. మధ్యాహ్నానికే షట్టర్లు దించే షాపులు చాలా ఉంటాయి. దేవుడిని చూడటానికి రండి, బట్టల పని ఇంకో రోజు పెట్టుకోండి.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు గురువారం మా సెక్షన్‌లో నిలబడటానికి చోటుండదు. వ్రతం శుక్రవారం పొద్దున మాత్రం ఆడవాళ్లందరం పూజల్లో ఉంటాం కాబట్టి షాపు ఖాళీగా ఉంటుంది. పూజ సాయంత్రం పెట్టుకున్నవాళ్లకు ఆ పొద్దుటి వేళ బాగా కలిసొస్తుంది.

దసరాకు ఆయుధ పూజ ఉంటుంది. కుట్టు మిషన్లకు, బిల్లింగ్ కంప్యూటర్లకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టేదాకా బిల్లు వేయరు. దీపావళి సాయంత్రం లక్ష్మీపూజ వేళ కూడా ఇంతే, గంట సేపు అన్నీ ఆగుతాయి, ఆ తర్వాత త్వరగా మూసేస్తారు. దేవరగట్టులో దసరా రాత్రి కర్రలతో తలపడే బన్నీ ఉత్సవం ఉంటుంది కాబట్టి హొళగుంద, ఆలూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ముందు రోజే కొనుగోళ్లు ముగించుకుంటే దారిలో టెన్షన్ ఉండదు. 2025లో అక్టోబరు 2నే దసరా, గాంధీ జయంతి రెండూ వచ్చాయి. మాంసం, మందు షాపులు మూస్తారు కదా, మాల్ కూడా మూస్తారేమో అని ఎంతమంది అడిగారో. ఆ నిషేధం బట్టల షాపులకు లేదు.

జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 రోజుల సంగతి వేరు. మన రాష్ట్రంలో 1974 నాటి జాతీయ, పండుగ సెలవుల చట్టం ప్రకారం షాపుల్లో పని చేసేవాళ్లకు ఈ రోజుల్లో జీతంతో సెలవు ఉంది. పని చేయించుకుంటే రెట్టింపు జీతమైనా ఇవ్వాలి, ఆ రోజు జీతంతో పాటు బదులుగా ఇంకో రోజు సెలవైనా ఇవ్వాలి. ఇది మా హక్కు, కొనేవాళ్లకు కూడా తెలిసి ఉండాలని రాస్తున్నాను. ఆ రోజుల్లో స్టాఫ్ తక్కువగా ఉండి మీకు చీర చూపించడం ఆలస్యమైతే, సెలవు తీసుకున్న అమ్మాయి తన ఇంట్లో ఉందని అర్థం చేసుకోండి. ఎన్నికల రోజు కూడా ఓటున్న పనివాళ్లకు జీతంతో సెలవు ఇవ్వాలి. 2024 మే 13 పోలింగ్ లాంటి రోజున షాపింగ్ పెట్టుకోవద్దు.

సినిమా హాళ్లు, ఫుడ్ కోర్టు ఉన్న మాల్స్‌కు వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పండగ రోజు పొద్దుటి ఆట ఉందంటే మాల్ గేటు తీసే ఉంటుంది. లోపల ఒక్కో షాపుది ఒక్కో ఓనర్, వాళ్ల వేళలు వాళ్లవి. మాల్‌కు కాకుండా మీకు కావాల్సిన షాపుకే ఫోన్ చేయండి.

ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు మా మూసే వేళ కన్నా ముందు తమ ఆఖరి బస్సు వేళ కనుక్కోవాలి. పండగ రోజు పల్లె రూట్లలో సర్వీసులు తగ్గవచ్చు. బస్టాండ్‌లో దిగగానే ఎంక్వైరీ కౌంటర్‌లో తిరుగు బస్సు అడిగి, దానికి గంట ముందు బిల్లు అయిపోయేలా లెక్కేసుకోండి. నదికి అవతలి నుంచి వచ్చేవాళ్లకు తెలంగాణ సెలవులుంటాయి, మా షాపులు ఆంధ్రా సెలవుల ప్రకారం నడుస్తాయి. బతుకమ్మకు అక్కడ సెలవున్నా ఇక్కడ మామూలుగానే తీస్తాం. ఆ రోజు మీకు తీరిక, మాకు రద్దీ తక్కువ. రావడానికి మంచి రోజు.

చివరగా మార్పిడి విషయం. పండగ రోజు, ముందు రెండు రోజులు ఎక్స్ఛేంజ్ చేయమని చాలా షాపులు బిల్లు వెనకే ముద్రిస్తాయి. కొనేటప్పుడే ఆ లైను చదివి, గడువు ఎన్ని రోజులో బిల్లింగ్ దగ్గర అడగండి. గడువు లెక్కలో పండగ సెలవులు కలుస్తాయా లేదా అని కూడా అడిగి, బిల్లు మీదే పెన్నుతో రాయించుకోండి. చీరకు ఫాల్ కుట్టించినా, ట్యాగ్ తీసేసినా తిరిగి తీసుకోరు. పండగ అయిపోయిన మూడో రోజు, ఆదివారం కాకుండా చూసుకుని, మధ్యాహ్నం పన్నెండు లోపల బిల్లు, ట్యాగ్, కవరుతో సహా తీసుకురండి. ఆ వేళ మా కౌంటర్ దగ్గర రద్దీ ఉండదు, కొత్త స్టాక్ అప్పుడే విప్పుతుంటాం, నచ్చిన రంగు దొరికేదాకా కూర్చుని చూసుకోవచ్చు.