మొటిమలకి అసలు కారణం ఎలా పట్టుకోవాలి (వేడి కాదు, రక్తం చెడిపోవడం కాదు)

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు బుగ్గల మీద మొటిమలు మొదలైతే ఇంట్లో ముందు మామిడిపండు ఆపేశారు, తర్వాత ఆవకాయ, ఆ తర్వాత కోడిగుడ్డు. ఒంట్లో వేడి చేసిందని అమ్మమ్మ రోజూ పొద్దున్నే సబ్జా నీళ్ళు ఇచ్చేది, రక్తం శుభ్రపడుతుందని పెదనాన్న ఒక చేదు సిరప్ తెచ్చారు. రెండేళ్ళు అన్నీ చేశా, ఏమీ తగ్గలేదు, పైగా "మాకు చెప్పకుండా ఏదో తింటున్నావు నువ్వు" అనే మాట పడాల్సొచ్చింది. ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. అందుకే మొటిమలున్న పిల్లలకీ వాళ్ళ అమ్మానాన్నలకీ కలిపి రాస్తున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి, సగం అనుమానాలు అక్కడే పోతాయి. చర్మం మీద వెంట్రుక మొలిచే చిన్న రంధ్రం ఉంటుంది కదా, దానికి ఆనుకుని ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఎదిగే వయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి (ఇవి అబ్బాయిలకే కాదు, అమ్మాయిలకీ ఉంటాయి), దాంతో ఆ గ్రంథి నూనె ఎక్కువ వదులుతుంది. రాలిపోవాల్సిన మృతకణాలు రాలకుండా లోపలే అతుక్కుని బిరడాలాగా రంధ్రాన్ని మూసేస్తాయి. వెనక నూనె పేరుకుపోతుంది, అందరి చర్మం మీదా ఉండే క్యూటిబాక్టీరియం ఆక్నిస్ అనే బాక్టీరియా అక్కడ పెరుగుతుంది, ఎర్రగా వాచి చీము పడుతుంది. ఈ బిరడా పడటం మొటిమ పైకి కనిపించడానికి కొన్ని వారాల ముందే మొదలవుతుంది, కాబట్టి నిన్న తిన్న మిరపకాయ బజ్జీని ఇవాళ్టి మొటిమకి అంటగట్టకండి.

ఇందులో ఎక్కడా మురికి లేదు చూశారా. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది కూడా మట్టి వల్ల కాదు, రంధ్రం మూతి తెరుచుకుని ఉండటంతో లోపలున్న పదార్థం గాలి తగిలి నల్లబడుతుంది, దాంట్లో చర్మానికి రంగిచ్చే మెలనిన్ కూడా ఉంటుంది. సబ్బు పెట్టి రోజుకి ఐదారుసార్లు తోమితే అది పోదు, చర్మం ఎండిపోయి మండుతుంది అంతే. మైల్డ్ ఫేస్‌వాష్‌తో రోజుకి రెండుసార్లు, బాగా చెమట పడితే ఇంకోసారి, చాలు. వాల్‌నట్ స్క్రబ్బులు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్, వంటసోడా వద్దు, మనలాంటి చర్మానికి కొంచెం కాలినా నల్లమచ్చ పడి నెలల తరబడి ఉండిపోతుంది.

ఇప్పుడు మీకు ఎందుకు వస్తున్నాయో వెతుకుదాం. అద్దం ముందు, మంచి వెలుతురులో నిలబడి ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి.

నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట చిన్న చిన్న పొక్కులు గుంపుగా ఉంటే ముందు తలనూనెని అనుమానించండి. మా పిన్ని కూతురు హాస్టల్లో రోజూ రాత్రి కొబ్బరినూనె దట్టంగా పెట్టుకుని జడేసుకుని పడుకునేది, తన ముందు జుట్టు పైకెత్తి చూస్తే నూనె జారిన మేరకే పొక్కులున్నాయి, కనుబొమ్మల దగ్గర చర్మం నున్నగా ఉంది. అందరూ చుండ్రు రాలి వచ్చాయన్నారు, తనకసలు చుండ్రే లేదు. ఆదివారం తలస్నానానికి గంట ముందు మాత్రమే నూనె పెట్టుకోమన్నాం, దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చింది, రెండు నెలలకి నుదురు తేటపడింది. ఒకవేళ ఆ పొక్కులన్నీ ఒకే సైజులో ఉండి బాగా దురద పెడుతుంటే అది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు, డాక్టర్‌కి చూపించాలి.

గడ్డం, దవడ కింద గట్టిగా, నొప్పిగా వస్తూ, పీరియడ్స్ లేటవుతూ, గడ్డం మీద వెంట్రుకలు కూడా పెరుగుతుంటే పీసీఓఎస్ (అండాశయాలకి, హార్మోన్ల తేడాకి సంబంధించిన సమస్య) ఉందేమో డాక్టర్‌కి చూపించుకోండి. "పెళ్ళయితే అవే పోతాయిలే" అని దయచేసి ఏ ఆడపిల్లకీ చెప్పకండి.

తిండి సంగతి పూర్తిగా కొట్టిపారేయలేం. 1969లో అమెరికాలో 65 మందికి చాక్లెట్ పెట్టి చూసి తేడా ఏం లేదన్నారు, కానీ పోల్చడానికి మిగతావాళ్ళకిచ్చిన బార్‌లో కూడా చక్కెర, కొవ్వు అంతే ఉన్నాయి, మరి తేడా ఎలా తెలుస్తుంది? 2007లో ఆస్ట్రేలియాలో కుర్రాళ్ళ మీద 12 వారాలు చూస్తే, రక్తంలో చక్కెర త్వరగా పెంచే తిండి తగ్గించినవాళ్ళకి మొటిమలు ఎక్కువ తగ్గాయి. కాబట్టి కూల్‌డ్రింకులు, స్వీట్లు, మైదా తగ్గించి చూడండి, జిమ్‌కెళ్ళే అబ్బాయిలు వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) రెండు మూడు నెలలు ఆపి చూడండి, కొంతమందికి పాలు కూడా పడవు. తిన్న నూనె నేరుగా ముఖం మీదికి రాదు. మామిడిపండు ఒకటి రెండు ముక్కలు తినండి, సీజన్ అంతా నోరు కట్టేసుకోనక్కర్లేదు.

అన్నిటికంటే భయపడాల్సింది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీము. నేనూ తెచ్చుకున్నా. మూడో రోజుకే ఎరుపు తగ్గి ముఖం తెల్లబడింది, రెండు నెలల తర్వాత ఒకరోజు రాయకపోతే ముఖమంతా మంట, ఎండలోకి వెళ్తే కందిపోవడం, మొటిమలు ముందుకన్నా రెట్టింపు. అందులో ఉన్నది స్టెరాయిడ్. ట్యూబు వెనక బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అని ఉందేమో చదవండి. 2018లో ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములని ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో పెట్టారు, అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ని కలవండి.

మామూలు మొటిమలకి పనిచేసే పైపూత మందులు రెండు. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం బాక్టీరియాని చంపుతుంది (రంగు తువ్వాళ్ళని తెల్లబరుస్తుంది, పాతది వాడండి). అడాపలీన్ 0.1 శాతం ఆ బిరడా పడకుండా చూస్తుంది. దీన్ని రాత్రిపూట బఠాణీ గింజంత తీసుకుని, మొటిమ మీదే కాదు, కళ్ళు పెదాలు వదిలేసి ముఖమంతా పల్చగా రాయాలి, మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. పొద్దున మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్పనిసరి. మొదట్లో చర్మం పొట్టు లేచి, మొటిమలు కొంచెం ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. 8 నుంచి 12 వారాలు ఆగాలి. గర్భంతో ఉన్నా, ప్లాన్ చేస్తున్నా అడాపలీన్ వద్దు.

లోతుగా గడ్డల్లా వస్తున్నా, గుంటలు పడుతున్నా ఇంట్లో ప్రయోగాలు ఆపి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా రాసినవన్నీ, అయిపోయిన ట్యూబులతో సహా ఒక కవర్లో వేసి పట్టుకెళ్ళండి, పీరియడ్స్ తేదీలు, వేసుకుంటున్న మాత్రలు కూడా ఒక కాగితం మీద రాసుకోండి. నా దగ్గరున్న ఆ క్రీము ట్యూబు చూశాకే డాక్టర్ నా చీటీలో మందు మార్చారు.