మద్యం మానే చికిత్సకు ఎక్కడ అడగాలి, కాగితం మీద ఎవరు సంతకం చేయాలి?

మద్యం మాన్పించే చికిత్సకు దరఖాస్తు ఎలా పెట్టాలని అడిగేది చాలాసార్లు తాగే మనిషి కాదు. ఆయన భార్య అడుగుతుంది, లేదంటే చెల్లెలో, కాలేజీకి వెళ్లే కొడుకో అడుగుతారు. వారికి ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకు చూపించుకోవడానికి దరఖాస్తే అక్కర్లేదు, ఓపీ చీటీ చాలు. వార్డులో చేర్చాలంటేనే దరఖాస్తు కావాలి. దానిమీద ఎవరు సంతకం చేశారన్నదాన్ని బట్టి మిగతా వ్యవహారమంతా నడుస్తుంది.

దగ్గరలో ఏ కేంద్రం ఉందో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి. ఇది మత్తు విముక్తి కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే ఉచిత నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ (ఫోనులో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ) నంబరు 14416. అక్కడ రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడవచ్చు. తాగే మనిషి ఫోను పట్టుకోనంటే ఇంట్లోవాళ్లే మాట్లాడవచ్చు.

ఇక నేరుగా వెళ్లేవారికి వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అనంతపురం, చిత్తూరు వైపు వారికి బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర. అక్కడ వ్యసనాల చికిత్సకు ప్రత్యేక కేంద్రమే ఉంది. కేంద్రం గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు కూడా కొన్ని జిల్లాల్లో ఉన్నాయి. వాటి వివరాలు 14446 వారే చెబుతారు.

వెళ్లే ముందు ఒక తెల్ల కాగితం మీద లెక్క రాసుకోండి. నా దృష్టిలో ఆధార్ కార్డు కంటే ఈ కాగితమే ముఖ్యం. ఏం తాగుతారు, రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా? ‘ఏదో క్వార్టరే నండీ’ అని తేలిగ్గా చెప్పేస్తారు. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ సాధారణంగా 42.8 శాతం. లెక్క వేస్తే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే పది గ్రాములను ఒక డ్రింకుగా లెక్కిస్తే ఆరు డ్రింకులు. కల్లు అలవాటుంటే అదీ దాచకుండా చెప్పాలి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలుపుతారు కాబట్టి అది మానినప్పుడు వచ్చే బాధ వేరు, ఇచ్చే వైద్యం వేరు.

అపాయింట్‌మెంటు రోజుకు ‘శుభ్రంగా’ వెళ్లాలని ముందురోజే పూర్తిగా మాన్పించేస్తుంటారు. రోజూ ఎక్కువగా తాగే మనిషి విషయంలో ఇది ప్రమాదం. ఆపిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో లేని మనుషులు కనిపించడం, ఉన్న చోటు తెలియకపోవడం జరిగితే ప్రాణం మీదికి వచ్చినట్టే. అప్పుడు ఓపీ కోసం, దరఖాస్తు కోసం చూడకండి. 108కి ఫోన్ చేసి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఇప్పుడు సంతకం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యంతో ముడిపడిన మానసిక సమస్యలను కూడా తన పరిధిలోకి తీసుకుంది. అందులోని 86వ సెక్షన్ ప్రకారం వయోజనుడు తనంతట తానే చేరవచ్చు. చాలాచోట్ల అచ్చు ఫారం ఇస్తారు. లేకపోతే వైద్యాధికారి పేరిట ఇంత రాస్తే చాలు:

‘అయ్యా, నేను ... ఏళ్లుగా మద్యం తాగుతున్నాను. సొంతంగా మానలేకపోతున్నాను. చికిత్స ఏమిటో, ఎందుకో నాకు వివరించారు. నా ఇష్టంతోనే చేరుతున్నాను.’

కింద సంతకం, తేదీ. ఇలా చేరిన మనిషి వెళ్లిపోతానంటే పంపించాల్సిందే. పరీక్షించి చూడటానికి 24 గంటల వరకు ఆపే అధికారం మాత్రం డాక్టరుకు ఉంది.

మనిషి ఒప్పుకోకపోతే 89వ సెక్షన్ ఉంది. కానీ ‘తాగుతున్నాడు, చేర్చుకోండి’ అంటే సరిపోదు. తనకు తాను హాని చేసుకోబోవడమో, ఇతరుల మీద హింసకు దిగడమో, తన ఆలనాపాలనా తాను చూసుకోలేని స్థితిలో ఉండటమో కనబడాలి. ఆ మనిషి తన తరఫున నియమించుకున్న ప్రతినిధి (నామినీ) దరఖాస్తు చేయాలి. ఎవరినీ నియమించుకోకపోతే సాధారణంగా దగ్గరి బంధువు ఆ పని చేస్తారు. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. ఈ సెక్షన్ కింద వార్డులో ఉంచే గడువు 30 రోజులు మించదు. ఆసుపత్రి ఈ సంగతి ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఏడు రోజుల్లో తెలపాలి. చేరింది మహిళ అయితే మూడు రోజుల్లోనే.

ఒక ఓపీ వరుసలో చూసింది చెబుతాను. భార్య గుక్క తిప్పుకోకుండా చెబుతోంది, ఆయన గోడకేసి చూస్తున్నాడు. డాక్టరు ఆమెను కాసేపు బయట కూర్చోమని తలుపు వేశారు. పావుగంట తర్వాత ఆయన బయటికి వచ్చి ‘పెన్ను ఉందా?’ అని ఆమెనే అడిగాడు. ఈ పావుగంట కోసమైనా 86తోనే మొదలుపెట్టమంటాను. 89 చివరి దారిగా ఉండాలి.

‘పెళ్లికి వెళ్తున్నాం’ అని కారెక్కించి ప్రైవేటు కేంద్రంలో దించి రావడం మాత్రం ఏ సెక్షన్‌లోనూ లేదు. డబ్బు కట్టే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. వచ్చే డాక్టరెవరో, ఏ రోజుల్లో వస్తారో అడగండి. గొలుసులు కట్టడం, బలవంతంగా గుండు గీయడం చట్టం ఒప్పుకోదు.

‘ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపే మందు’ ప్రకటనలకూ దూరంగా ఉండండి. డైసల్ఫిరామ్ వంటి మాత్ర ఒంట్లో ఉండగా మద్యం తాగితే ఒళ్లంతా ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. దాన్ని తెలిసి, ఒప్పుకొని, డాక్టరు పర్యవేక్షణలోనే వేసుకోవాలి. తాగాలనే కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వేరే ఉన్నాయి. ఎవరికి ఏది పనికొస్తుందో కాలేయ పరీక్ష వంటివి చూసి డాక్టరు చెబుతారు.

ఆఫీసులో తెలుస్తుందన్న భయం చాలామందికి ఉంటుంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్ చెబుతోంది.

వార్డులో గడిపే రోజులు ఒంట్లోని విషం దిగడానికే సరిపోతాయి. కౌన్సెలింగ్ ఆ తర్వాత నెలల తరబడి సాగాలి. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు రుసుము లేదు, ఫారం లేదు, ఇంటిపేరు కూడా అడగరు. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ విడిగా ఉంది. డిశ్చార్జి కాగితం మీద మళ్లీ రావలసిన తేదీ ఉంటుంది, దాన్ని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఈలోగా మళ్లీ తాగినా ఆ తేదీకి వెళ్లండి, పాత ఓపీ చీటీ వెంట తీసుకెళ్లండి.